అంచు లేవని చీర

డెబ్బై నాలుగో సంవత్సరం, ఫిబ్రవరిలో ఒక శనివారం. ఆ పొద్దున జాన్‌బాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పటమటలో భార్యతో ఆరున్నర బస్సెక్కాలి. పామర్రులో దిగి, అక్కణ్ణించి మూడు మైళ్ళు రిక్షాలో అత్తగారి ఊరు చేరాలి. మధ్యాహ్నం కోడికూరతో భోంచేసి పందిరి కింద నిద్రపోవాలి. ఆదివారం కాలవ రేవులో జరిగే బాప్తిస్మాలు చూసుకుని సాయంకాలం బస్సుకి వెనక్కి రావాలి. సోమవారం ఎడిటరు బల్ల మీద పెట్టవలసిన మద్రాసు వ్యాసంలో నాలుగు పేరాలు మిగిలి ఉన్నాయి. అవి ఎక్కడో ఒకచోట, ఎవరూ తొంగిచూడని చోట కూర్చుని రాసుకోవాలి.

ఎవరూ తొంగిచూడని చోటు ఎందుకో కొంచెం చెప్పాలి. జాన్‌బాబు విజయవాడలో ఒక వారపత్రికలో బట్టల గురించి రాస్తాడు. బి.ఏ. చదివి, కథలు రాద్దామని ఆ పత్రికలో చేరితే, ఎవరికీ అక్కరలేని బట్టల పేజీ అతని చేతిలో పెట్టారు. పన్నెండేళ్ళయింది. చీరల అంచులు, రవికల చేతులు, కొత్తరకం మిల్లు గుడ్డలు అన్నీ అతని పేజీలోకే వస్తాయి. ఇంతవరకూ ఇబ్బంది లేదు. ప్రతి జనవరి ఆఖర్లో మద్రాసులో ఒక మిల్లువాళ్ళు పెద్ద హోటల్లో ఈతదుస్తుల ప్రదర్శన పెడతారు. పద్దెనిమిది మంది ఆడపిల్లలు వరసగా ఈతకొలను చుట్టూ నడిచి, నీళ్ళలోకి దిగి, పైకొచ్చి, మళ్ళీ ఒక చుట్టు నడిచి వెళతారు. దానికి ఏటా జాన్‌బాబుకి పిలుపు వస్తుంది. పిలుపు రాకపోయినా ఎడిటరు పంపిస్తాడు. ఆ వారం పత్రిక రెండింతలు అమ్ముడవుతుంది మరి.

అతను మూడో వరసలో కూర్చుంటాడు. నిజానికి అతను చూసేది బట్టనే. తడిసిన గుడ్డ ఎక్కడ లాగుతోంది, కుట్టు ఎక్కడ పిగులుతోంది, నైలాను నీళ్ళు వదలడానికి ఎంతసేపు పడుతోంది, ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఈ మాట ఎవరితో చెప్పినా నమ్మరని అతనికి తెలుసు. తనకు తాను చెప్పుకున్నప్పుడు కూడా ఒక్కోసారి నమ్మకం కుదిరేది కాదు. అందుకే పెళ్ళయిన కొత్తలో, అల్లుడికి మద్రాసులో ఏం పని అని అత్తవారింట అడిగినప్పుడు, "మిల్లువాళ్ళు బట్టని నీళ్ళలో దించి చూపిస్తారండీ. రంగు దిగుద్దా, పొట్టయిపోద్దా, అంటుకుపోద్దా అని చూసి రాస్తాను" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. బట్ట నీళ్ళలోకి దిగిన మాట నిజమే. బట్టలో మనిషి ఉన్న సంగతి చెప్పలేదు, అంతే.

ఆ ఊరికి వారపత్రికలు రావు. ఆ ఊరివాళ్ళు ఆ మాట నమ్మి అతనికి చాలా గౌరవం ఇచ్చారు. ఎరువులకి ఇన్‌స్పెక్టరు ఉన్నట్టే బట్టకి తమ అల్లుడున్నాడని చెప్పుకున్నారు. భార్య సంపూర్ణమ్మ పటమట ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆమె పత్రికలు చదవదు. తప్పులు దిద్దవలసిన కాగితాలు ఇంట్లో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయంటుంది. కాబట్టి పన్నెండేళ్ళుగా జాన్‌బాబు బతుకు ఆ ఒక్క ముక్క మీద సాఫీగా జరిగిపోతోంది. గౌరవం జరిగినప్పుడల్లా అతనికి ఎక్కడో మెడ వెనక దురద పెట్టినట్టుండేది. అదీ అలవాటైంది.

రిక్షా దిగేసరికి పందిరి కింద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన అబ్రహాముగారు, ఆ ఊరి చర్చికి ముప్ఫయ్యేళ్ళుగా పాస్టరు. ఊరంతా అయ్యగారంటుంది. రెండో మనిషి పక్కూరి నేతపనివాడు వీరభద్రయ్య, ఒళ్ళో ఒక తెల్లచీర మడత పెట్టుకుని ఉన్నాడు.

"రా బాబూ, నీకోసమే కూచున్నాం" అన్నారు అయ్యగారు. "రేపు ఆరుగురికి బాప్తిస్మం. ఏడో మనిషి మీ అత్తగారు కావాలి. అవుతారా లేదా అన్నది ఇప్పుడు నీ చేతిలో ఉంది."

అత్తగారు బుల్లెమ్మ ముప్ఫయ్యేళ్ళుగా చర్చిలో ముందు చాప మీద కూర్చుంటుంది. పాటలో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. కాని బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. వాళ్ళ సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషి మొత్తం కాలవలో మునిగి లేవాలి. నీళ్ళలో చీర పైకి లేస్తదనీ, తడిశాక ఒంటికి అతుక్కుంటదనీ, రేవు నిండా జనం చూస్తారనీ, తన వల్ల కాదనీ ఆమె ప్రతి ఏడూ వాయిదా వేసింది. ఇప్పుడు వాయిదాకి చోటు లేదు. నెలాఖరుకి అయ్యగారు రిటైరవుతున్నారు. కొత్తాయన చేతుల్లో తాను మునగనని బుల్లెమ్మ తెగేసి చెప్పింది. బాప్తిస్మం లేని మనిషికి సంఘం సమాధుల తోటలో చోటు లేదు. ఆ తోటలో, గోడ పక్కన, ఆమె భర్త ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా జాగా వదిలి ఉంచారు.

తలుపు వెనక గాజులు కదిలాయి. బుల్లెమ్మ అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. చెప్పదలుచుకున్నది తలుపు చాటునుంచి కూతురికి చెబుతుంది. అది వీధి చివరిదాకా వినపడుతుంది. అయినా కూతురు మళ్ళీ చెప్పాలి, అల్లుడు అప్పుడే విన్నట్టు తల ఊపాలి. అది పద్ధతి.

"సంపూర్ణా, అల్లుడుగారు పన్నెండేళ్ళ నించి నీళ్ళలో బట్టల సంగతే చూస్తన్నారు గదా. ఏ బట్టయితే లేవదో ఆయన చెబితే, రేపు దిగుతానని చెప్పవే."

"ఏ బట్టయితే లేవదో చెప్పమంటంది మా అమ్మ" అంది సంపూర్ణమ్మ.

తనకు తెలియదని అనడానికి జాన్‌బాబు నోరు తెరిచాడు. చిక్కేమిటంటే అతనికి తెలుసు. పన్నెండేళ్ళలో అతను నేర్చుకున్నది అదొక్కటే, ఇంతవరకు దాన్ని ఒక్క మనిషి అడగలేదు. చెయ్యి దానంతటదే వీరభద్రయ్య ఒళ్ళోని చీర మీదికి పోయింది. కొంగు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు.

"ఇది పనికిరాదు. సన్న నూలు, చిక్కటి నేత. లోపల గాలి చిక్కుకుని బూరలాగా ఉబ్బుద్ది. తడిస్తే అతుక్కుంటది కూడా."

"మరి?" అన్నాడు వీరభద్రయ్య.

"ముతక నూలు కావాలి. నేత వదులుగా ఉండాలి, గాలి బయటికి పోయేట్టు. గంజి చుక్క కూడా ఉండకూడదు. కింది అంచు మడిచి లోపల బరువు పెట్టి కుట్టాలి. వలకి కడతారు చూడండి సీసం గుళ్ళు, అవి జానెడుకొకటి చాలు."

వీరభద్రయ్య తను కూడా ఆ కొంగు నలిపి చూశాడు. "మా తాతల నాటి నించీ నేస్తన్నాం గానీ, ఇది నీళ్ళలోకి దిగితే ఏమవుద్దని ఒక్కనాడూ అనుకోలేదండీ" అన్నాడు. "దుప్పట్ల కోసం నేసిన తాను ఉంది నా దగ్గర. ఆరు గజాలు కోసి, గంజి పోయేదాకా ఉతికి, పన్నెండు కల్లా తెస్తా."

అక్కడితో లేచిపోయి ఉంటే బాగుండేది. కాని అయ్యగారు మెచ్చుకోలుగా దగ్గరికి జరిగారు.

"బాబూ, మద్రాసులో ఈ బట్టల్ని ఎవరికి కట్టి దించుతారు?"

జాన్‌బాబు పందిరి గుంజవైపు చూశాడు. "బొమ్మలకండీ" అన్నాడు.

"ఏం బొమ్మలు?"

"కొయ్యబొమ్మలు."

"కొయ్య తేలుద్ది గదా?"

"కాళ్ళకి రాళ్ళు కడతారు."

"మరి పైకెట్టా తీస్తారు?"

"తాళ్ళతోటి."

"ఎన్ని బొమ్మలుంటయి?"

"పద్దెనిమిది" అన్నాడు జాన్‌బాబు. కనీసం అంకె ఒకటి నిజం చెప్పగలిగినందుకు అతనికి కొంచెం ఊపిరాడింది.

తలుపు వెనక గాజులు మళ్ళీ కదిలాయి. "అట్టయితే ఇక్కడ కూడా బొమ్మకి కట్టి చూడమనవే. నేను కళ్ళారా చూస్తేగానీ దిగను."

పన్నెండున్నరకల్లా బొమ్మ తయారైంది. మిరపచేలో ఉన్న దిష్టిబొమ్మని పీక్కొచ్చి, దాని వెదురు కాళ్ళ చుట్టూ ఎండుగడ్డి కట్టి, బుల్లెమ్మంత ఒళ్ళు వచ్చేదాకా తాడుతో బిగించారు. తలకి కుండ బోర్లించారు. ఎవరో బొగ్గుతో కళ్ళూ ముక్కూ గీయబోతే అయ్యగారు ఒప్పుకోలేదు. మొహం పెడితే విగ్రహమవుతుందన్నారు. మొహం లేని కుండ చూడటానికి బాగాలేదని సంపూర్ణమ్మ దాని మీదుగా కొంగు ముందుకు లాగి ముసుగు వేసింది. దుప్పటి నేత చీర, అంచు నిండా సీసం గుళ్ళు, ముసుగు. వెనకనుంచి చూసిన ముగ్గురు దాన్ని వదినా అని పిలిచారు.

సంఘమంతా రేవుకి వచ్చింది. అయ్యగారు నడుముదాకా నీళ్ళలోకి దిగి, ఎప్పటి అలవాటు ప్రకారం ఒక చెయ్యి బొమ్మ వీపు కింద, ఒక చెయ్యి గుండె మీద వేసి వెనక్కి వంచారు. గడ్డి మునగనంది. ఆయన ఇంకొంచెం బలం పెట్టారు. గడ్డి ఒక్కసారిగా ఆయన చేతుల్లోంచి పైకి తన్నుకుని వచ్చింది. ముప్ఫయ్యేళ్ళలో ఆయన చెయ్యి జారిన మొదటి మనిషి అదే. బొమ్మ ఒక గుండ్రం తిరిగి, కాలవ మధ్యకి పోయి, అక్కడ నిలబడింది.

నిజంగానే నిలబడింది. అంచులోని సీసం కాళ్ళని కిందికి లాగింది, గడ్డి ఒంటిని పైకి ఎత్తింది. గుండెలదాకా నీళ్ళలో, ముసుగు చెదరకుండా, నిటారుగా, తొందరేమీ లేని మనిషిలాగా అది ప్రవాహంతోపాటు బయల్దేరింది. చీర అంగుళం లేవలేదు.

"లేవలేదే, సంపూర్ణా" అంది బుల్లెమ్మ జనం వెనకనుంచి.

"లేవలేదు, లేవలేదు" అని ఒడ్డున అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. జాన్‌బాబుకి కూడా ఒక్క క్షణం గర్వంగానే ఉంది. ఆ సంబరంలో దాన్ని పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. తోచేసరికి అది మలుపు తిరిగింది. రేపు కట్టుకోవలసిన చీర దాని ఒంటి మీదే ఉంది. అయ్యగారు తడిబట్టలతో గట్టెక్కారు. ఆయన వెనక జాన్‌బాబు, వాళ్ళ వెనక మిగతా సంఘం, గట్టు మీద పరుగెత్తారు.

మైలున్నర దిగువన కాలవ నీళ్ళని ఆపి వదిలే లాకులున్నాయి. అక్కడ కాలవ కాపలా చూసే లస్కరు సత్యం అన్నం తిని చుట్ట ముట్టించుకుంటూ తలెత్తాడు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి ఒకామె, ముసుగేసుకుని, కాలవ నట్టనడుమ గుండెలోతు నీళ్ళలో నిలబడి తనవైపే వస్తోంది. "అమ్మా, లాకులున్నయి, ఒడ్డుకి రా" అని కేకేశాడు. ఆమె పలకలేదు. అక్కడ లోతు ఎనిమిది అడుగులని అప్పుడు గుర్తొచ్చి ఇంకా పెద్ద కేక వేశాడు. మినుము పీకుతున్న కూలీలు ముప్ఫైమంది గట్టెక్కారు. సైకిలు మీద పోతున్న హెడ్ కానిస్టేబులు వెంకటకృష్ణారావు దిగి స్టాండు వేశాడు. సత్యం ధైర్యవంతుడు. చుట్ట పారేసి దూకాడు, ఈదాడు, మునిగిపోయేవాళ్ళని పట్టుకునే పద్ధతిలో తల పట్టుకుని ఒడ్డుకి లాగాడు. తల అతని చేతిలోకి వచ్చేసింది.

అయ్యగారూ జాన్‌బాబూ రొప్పుతూ చేరేసరికి బొమ్మని గట్టు మీద పడుకోబెట్టి మర్యాదగా తువ్వాలు కప్పి ఉంది. సత్యం లాకు మెట్ల మీద కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరడిగినా ఇవ్వడం లేదు, మాట్లాడటం లేదు. వెంకటకృష్ణారావు నోటుబుక్కులో "ఆడమనిషి, వయసు తెలియదు, తల లేదు" అని రాసుకున్నది కొట్టేస్తున్నాడు.

"దీన్ని కాలవలో వొదిలిందెవరు?"

"నేనండీ. పాస్టర్ని. చెయ్యి జారింది" అన్నారు అయ్యగారు.

"అసలు ముంచిందెందుకు?"

"బట్ట పరీక్షకండీ. మద్రాసులో ఏటా చేస్తారు. మా జాన్‌బాబు పన్నెండేళ్ళ నించి దగ్గరుండి చూస్తన్నాడు."

"బొమ్మలకి చీరలు కట్టి నీళ్ళలో ముంచుతారా? మద్రాసోళ్ళకి వేరే పన్లేదా?" వెంకటకృష్ణారావు పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "అయ్యా పాస్టరుగారూ, ఈ లస్కరుకి మాట పడిపోయింది. ఆ కూలీల్లో సగంమంది ఇది చేతబడంటన్నారు. మీరు పామర్రు స్టేషన్‌కి రావాలి. ఎస్సైగారు సోమవారం వొస్తారు, అందాకా అక్కడే ఉందురుగాని."

"రేపు ఆదివారమండీ."

"అక్కడ కూడా ఆదివారమే."

"బాప్తిస్మాలున్నయండీ రేపు" అన్నారు అయ్యగారు.

వెంకటకృష్ణారావు కఠినుడేమీ కాదు. "సరే, ఒక పని చేద్దాం. ఆ మిల్లు పేరు చెప్పండి. టెలిగ్రాం కొడతా. ఏటా బొమ్మల్ని ముంచే మాట నిజమేనని జవాబొస్తే వొదిలేస్తా."

మిల్లువాళ్ళు ఏమని జవాబిస్తారో అక్కడున్నవాళ్ళలో జాన్‌బాబు ఒక్కడికే తెలుసు. అప్పటికి బుల్లెమ్మ మైలున్నర నడిచి వచ్చింది. విషయం విని గట్టు మీద కూలబడింది. "ఆయన పక్కన చోటు నాకు లేదు" అంది. ఎవరితోనూ కాదు, నేల చూస్తూ అంది.

జాన్‌బాబు ముందుకి వచ్చాడు. చొక్కా గుండీలు సరిచేసుకున్నాడు. ఇంకా ఏమన్నా సరిచేసుకోవడానికి ఉందా అని చూసుకున్నాడు, లేదు.

"బొమ్మలు కాదండీ" అన్నాడు.

"ఏంటి కాదు?"

"మద్రాసులో దిగేది బొమ్మలు కాదు. మనుషులు. ఆడపిల్లలు. పద్దెనిమిది మంది. ఈతదుస్తులు వేసుకుని నీళ్ళలో దిగి పైకొస్తారు. నేను కుర్చీలో కూచుని చూసి రాస్తాను. రాళ్ళూ లేవు, తాళ్ళూ లేవు. అయ్యగారికి ఏమీ తెలీదు. అబద్ధమాడింది నేను."

సంఘంలో ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. వెంకటకృష్ణారావు అతని మొహంలోకి కాసేపు చూశాడు.

"విజయవాడ వారపత్రికలో బట్టల పేజీ మీదా?"

"నాదేనండీ."

"కూచోండి సార్" అన్నాడు వెంకటకృష్ణారావు. అక్కడ కూర్చోవడానికి బొమ్మ తప్ప ఏమీ లేదు. "ఏటా ఆ మద్రాసు సంచిక స్టేషన్లో ముందు నా చేతికి రావల్సిందే. ఇంకెవరికీ ఇవ్వను. పోయినేడు ఆ పచ్చ చారల దానికి నడుం దగ్గర కుట్టు బాలేదని రాశారు మీరు. నాకెందుకో బానే ఉందనిపించింది."

"కుట్టు వొంకరండీ" అన్నాడు జాన్‌బాబు నీరసంగా.

"మీరు దగ్గరనించి చూస్తారు గదా, మీకే తెలుస్తది. ఈ ఏడు ఎట్టా ఉన్నయి?"

లాకు తలుపులెత్తితే ఆ నీళ్ళతోపాటు బందరుదాకా పోవచ్చుననిపించింది జాన్‌బాబుకి. వెంకటకృష్ణారావు నోటుబుక్కులో కాగితం చింపేశాడు. మీలాంటివారి మాట ఉండగా టెలిగ్రాం ఎందుకన్నాడు. అయ్యగారికి నమస్కారం పెట్టాడు. జాన్‌బాబుకి చెయ్యి ఇచ్చి చాలాసేపు ఊపాడు. స్టేషన్‌కి తీసుకుపోయి కొట్టి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

తిరుగు దారిలో సంఘం ముందు నడిచింది. జాన్‌బాబు ఇరవై అడుగులు వెనక నడిచాడు. అతని పక్కకి వచ్చింది వీరభద్రయ్య ఒక్కడే. అటూ ఇటూ చూసి, "నైలానులోంచి గాలి పోద్దంటారా?" అని మెల్లగా అడిగాడు. జాన్‌బాబు తల అడ్డంగా ఊపాడు. సంపూర్ణమ్మ తడిచీర పిండి భుజాన వేసుకుని మధ్యలో నడుస్తోంది. సగం దారిలో ఆగి వెనక్కి తిరిగింది.

"పద్దెనిమిది పన్నెండ్లు రెండొందల పదహారు" అంది. మళ్ళీ ముందుకి తిరిగి నడిచింది.

పొద్దు వాలుతోంది. వేళ కాని వేళ వడ్డించిన కోడికూర జాన్‌బాబు తలెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని సంచీ తీసుకున్నాడు. పందిరి దాటకముందే తలుపు వెనక గాజులు కదిలాయి.

"సంపూర్ణా, ఒక మాట అడగవే. ఆ పిల్లలు నీళ్ళలోంచి లేస్తా ఉంటే ఎంతమంది చూస్తారంట?"

"ఎంతమంది చూస్తారు?" అంది సంపూర్ణమ్మ. పలకల మీద లెక్క ఇచ్చే గొంతు అది.

"మూడొందల మంది ఉంటారు" అన్నాడు జాన్‌బాబు నేల చూస్తూ.

"ఆ పిల్లలకి వాళ్ళంతా తెలిసినోళ్ళేనా?"

"ఎవరికీ ఎవరూ తెలీదు."

"వాళ్ళలో ఎవరన్నా కాలు జారి పడ్డదా ఎప్పుడన్నా?"

జాన్‌బాబు ఆలోచించాడు. "మూడేళ్ళ కిందట ఒక పిల్ల పడ్డది. కొలను గట్టు మీద, బోర్లా."

"నవ్వారా?"

"నవ్వారు."

"అల్లుడుగారు కూడా నవ్వారా అడగవే."

సంపూర్ణమ్మ ఈసారి అడగలేదు. అతనివైపు చూసి ఊరుకుంది. లాకుల దగ్గర సంఘం మొత్తం ముందు చెప్పిన మాట ఇంతకంటే తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

"నవ్వాను" అన్నాడు. "దాని మీద హాస్యంగా రెండు ముక్కలు పత్రికలో రాశాను కూడా. చాలామంది బాగుందని ఉత్తరాలు రాశారు."

"ఆ పిల్ల ఏం చేసింది?"

"లేచి మిగిలిన చుట్టు నడిచి లోపలికి పోయింది. మోకాలు చీరుకుపోయింది."

బుల్లెమ్మ ఈసారి ఎప్పటికంటే చిన్న గొంతుతో మాట్లాడింది.

"ముప్ఫయ్యేళ్ళ కింద మా తోడికోడలు ఈ రేవులోనే దిగింది. దాని చీర గొడుగులాగా లేచింది. ముందు నవ్వింది నేను. నన్ను చూసి రేవంతా నవ్వింది. అది మళ్ళీ చర్చి మెట్టెక్కలేదు. పుట్టింటికి పోయి అక్కడే చచ్చిపోయింది. చీర లేస్తదని కాదే నా భయం. లేస్తే నవ్వడానికి ఒడ్డున నాలాంటిది ఒకతి ఉంటదని."

సంపూర్ణమ్మ దీన్ని మళ్ళీ చెప్పలేదు. జాన్‌బాబు తల ఊపలేదు.

"అంతమందిలో తప్పు చెప్పుకున్నాడు గదా మీ ఆయన. చెప్పుకున్నాక బానే ఉన్నాడేమో అడుగు."

"బాగాలేనండీ" అన్నాడు జాన్‌బాబు.

"అన్నం తిన్నాడా?"

"తిన్నాడు. రెండోసారి కూర కూడా వేయించుకున్నాడు" అంది సంపూర్ణమ్మ.

"అయితే బానే ఉన్నట్టు. రేపు దిగుతానని అయ్యగారికి కబురు పెట్టు. సీసం గుళ్ళు ఊడినయ్యేమో చూసి చీర ఆరెయ్యి. అల్లుడుగారిని ఉండమను."

ఆదివారం పొద్దున రేవు పట్టనంత జనం వచ్చారు. లాకుల దగ్గర మొదలైన కథ రాత్రికి రాత్రి నాలుగు ఊళ్ళు తిరిగింది. ఏ ఊళ్ళో ఏమని చెప్పుకున్నారో గాని, పామర్రునుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చారు. వెంకటకృష్ణారావు తెల్లచొక్కా వేసుకుని మొదటి వరసలో నిలబడ్డాడు. సత్యానికి మాట వచ్చింది గాని, అవతలి గట్టు మీదే ఉండిపోయాడు. మద్రాసులో కూడా ఇంత జనాన్ని జాన్‌బాబు చూడలేదు.

ఆరుగురు మునిగి లేచారు. ఏడో మనిషిగా బుల్లెమ్మ దుప్పటి నేత చీరలో మెట్లు దిగి, నీళ్ళ అంచున ఆగింది. మునిగేముందు సాక్ష్యం చెప్పాలి. సాధారణంగా అక్కడ దేవుడి మేళ్ళు చెప్పుకుంటారు. బుల్లెమ్మ తోడికోడలి సంగతి చెప్పింది. ముందు నవ్వింది తానేనని పాట పాడే గొంతుతో, అవతలి గట్టుకి వినపడేట్టు చెప్పింది. ఆ రోజు రేవులో ఉన్న ముసలివాళ్ళు పదిమంది దాకా ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళు కాళ్ళవైపు చూసుకున్నారు. అయ్యగారు నిన్నటి అనుభవంతో రెండు చేతులూ గట్టిగా బిగించి ఆమెని వెనక్కి వంచారు. నీళ్ళు మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకున్నాయి.

బుల్లెమ్మ నిలబడింది. మొహం తుడుచుకుంది. ఒడ్డున ఒక్కరూ నవ్వలేదు. ఆమె జనంలో ఎవరికోసమో వెతికి, పెళ్ళయిన పదమూడేళ్ళలో మొదటిసారి తలుపు లేకుండా, కూతురు లేకుండా, నేరుగా అడిగింది.

"ఏం బాబూ, అంచు లేచిందా?"

జాన్‌బాబు కాలవకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అత్తగారు తడిబట్టలతో ఉండగా అల్లుడు అటు చూడకూడదు.

"చూడలేదండీ అత్తయ్యగారూ" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"అసలు లేవలేదమ్మా, నేను చూశాగా" అన్నాడు వెంకటకృష్ణారావు. తరువాత జాన్‌బాబు వీపుకేసి చూసి, "ఇంత దూరమొచ్చి చూడకపోతే ఏం రాస్తారు సార్?" అని బాధపడ్డాడు.

పన్నెండేళ్ళ ఉద్యోగంలో జాన్‌బాబు మొదటినుంచి చివరిదాకా గట్టు కింది మినుము చేను చూస్తూ గడిపిన ప్రదర్శన అదొక్కటే.